అద్దంలాంటి నీళ్ళు

సీసా ల్యాబ్ బల్ల మీద పెట్టి అన్నయ్య మురిసిపోతూ నిలబడ్డాడు. "చూడవే! అద్దంలా లేవూ? ఇరవై రెండేళ్ళలో మా మిల్లు నీళ్ళు ఇంత తేటగా రావడం నేనెప్పుడూ చూళ్ళేదు."

అన్నయ్య అద్దకం మిల్లులో రంగుల మేస్త్రి. చిన్నప్పుడు ఆయన గోళ్ళు చూసి ఆ వారం ఏ రంగు గుడ్డ నడిచిందో చెప్పేసేది చెల్లెలు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తొక్కించింది ఆ చేతులే. ఇప్పుడు నగర కాలుష్య నియంత్రణ ఆఫీసులో నెలనెలా మిల్లుల నీళ్ళు పరీక్షించి, వీధి గోడకున్న బోర్డు మీద ప్రతి మిల్లు పేరు పక్కనా అంకె రాసి, ఎర్ర రేకో ఆకుపచ్చ రేకో తగిలించడం ఆమె పని. దారినపోయేవాళ్ళెవరైనా చదవొచ్చు. గుడ్డ కొనేవాళ్ళయితే మరీ శ్రద్ధగా చదువుతారు. ఆకుపచ్చ రేకు పడ్డ పక్క మిల్లు రెండో షిఫ్టు తెరిచింది. ఎర్ర రేకు పడ్డ అన్నయ్య మిల్లుకు ఆర్డర్లు తగ్గాయి. ఈ నెలా ఎరుపే అయితే సగంమందిని ఇంటికి పంపుతామన్నారు.

"రంగు పోయిందన్నయ్యా. రంగు పట్టడానికి మీరు వేసే ఉప్పు పోలేదు. నేను తెచ్చుకున్న శాంపిల్లో హద్దు దాటింది."

"కంటికి కనపడనిదానికి మా కడుపు కొడతావా?"

"అబద్ధం రాస్తే ఆ బోర్డునిక ఎవరు నమ్ముతారు?"

"పెద్ద చదువు చదివించాను కదూ! అనుభవించాలి."

సీసా వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె ఎర్ర రేకు తగిలించింది.

మిల్లు అన్నంత పనీ చేసింది. అన్నయ్య మిగిలాడు గానీ ఆయన చేతికింద మనుషులు మిగల్లేదు. రోజూ మధ్యాహ్నం బోర్డు కింద బెంచీ మీద ఇద్దరూ కలిసి తినేవాళ్ళు. ఆయన రావడం మానేశాడు. ఆమె అలవాటుగా ఆయన చోటు వదిలి ఒక కొసనే కూర్చునేది.

సీసాలో నీళ్ళు పళ్ళెంలో పోసి కిటికీలో పెట్టింది. మూడో రోజుకు ఎండిపోయి అడుగున తెల్లటి పొర మిగిలింది. ఆ పళ్ళెం తీసుకెళ్ళి మిల్లు కాపలాదారుకిచ్చింది.

"అన్నయ్యకివ్వండి. నేనేమీ అనలేదని చెప్పండి."

"ఏమీ అనలేదని ఏమని చెప్పనమ్మా?" అన్నాడాయన.

ఆమె అప్పటికే రోడ్డెక్కింది.

మరుసటి నెల శాంపిల్‌కు వెళ్తే ట్యాంకు గట్టు మీద వరసగా పళ్ళేలు, ఒక్కోదాని పక్కన సుద్దతో తేదీ. మొదటివాటిలో ఉప్పు తెల్లగా పేరుకుంది. చివరివి దాదాపు శుభ్రంగా ఉన్నాయి.

"రోజూ మీ అన్నే ఎండబెడతాడు. ఉప్పు తగ్గించి చూడటం, మళ్ళీ ఎండబెట్టడం! పళ్ళేలన్నీ ఆయనే పట్టుకుపోతే మేం టిఫిన్ మూతల్లో తింటున్నాం," అన్నాడు కాపలాదారు.

అన్నయ్య దూరంగా, ఇటు వీపు పెట్టి, ఏదో వాల్వు తిప్పుతున్నాడు. ఆమె సీసా ముంచి నీళ్ళు నింపుకుంది.

ఈసారి అంకె హద్దులోపలే వచ్చింది. ఆకుపచ్చ రేకు తగిలించింది. వారం తిరక్కుండానే ఇద్దరు కొనుగోలుదారులు ఆ మిల్లు పేరు రాసుకున్నారు. ఇంటికి పంపినవాళ్ళలో కొందరు మళ్ళీ గేటులోకి వెళ్ళడం ఆమె చూసింది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య రోడ్డు అవతల ఆగాడు. చాలాసేపు బోర్డు చూశాడు. బెంచీ వైపు చూడకుండానే వెనక్కి తిరిగాడు.

ఆమె డబ్బా మూత తీసింది. బెంచీ మధ్యకు మాత్రం జరగలేదు.