పేరు చెప్పని ప్రార్థన

రాజమండ్రిలో మా కౌన్సెలింగ్ సెంటర్‌కి వచ్చే ఇంటర్న్‌లకు మొదటి రోజే నేనొక మాట చెబుతాను. ఇక్కడ విన్నది గుమ్మం దాటకూడదని. అందరూ తలలు ఊపుతారు. తలలు ఊపడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

ప్రిస్కిల్లా మాత్రం మనసుపెట్టి నేర్చుకుంది. వచ్చే నెల నుంచి సొంతంగా కేసులు చూడాల్సిన పిల్ల. అప్పటిదాకా నా పర్యవేక్షణలో చూస్తోంది. ఆమె దగ్గరికి కొవ్వూరు నుంచి సారిక అనే టీచరమ్మ వచ్చేది. మొగుడు ఐజాక్ కొడతాడు. బడిలో పరీక్షలయ్యాక, ఎవరికీ చెప్పకుండా పాపను తీసుకుని రావులపాలెంలో అన్నయ్య ఇంటికి వెళ్ళిపోవాలని సారిక నిశ్చయించుకుంది. ఆ ధైర్యం కూడగట్టడానికి ఇద్దరూ ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

ఆ వారం సారిక రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

"ఎక్కడైనా నోరు జారావా?" అని ప్రిస్కిల్లాను అడిగాను.

"లేదండి. మా చర్చిలో స్త్రీల కూటంలో ప్రార్థన మనవి ఇచ్చానండి. పేరు చెప్పలేదు. కొవ్వూరులో ఒక టీచర్ సిస్టర్, భర్త హింసిస్తున్నాడు, పాపతో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతోంది, క్షేమంగా చేరేలా ప్రార్థించండి అన్నాను. అంతేనండి" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. పేరొక్కటి తప్ప ఇంకేం మిగిల్చావే తల్లీ! ఆరా తీస్తే, ఆ కూటంలో ఒకావిడ సారిక అత్తగారు సువార్తమ్మకు సొంత చెల్లెలట. చెడామడా తిట్టాలనుకున్నాను. కానీ ఆ పిల్ల మోకాళ్ళ మీద ఏడ్చి మరీ ప్రార్థించి ఉంటుంది. ఏమని తిట్టను?

ఆదివారం ప్రిస్కిల్లా నాకు చెప్పకుండా సారిక వాళ్ళ చర్చికి వెళ్ళింది. మర్నాడు వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సారికతో అందరి ముందు సాక్ష్యం చెప్పించారండి. ఐజాక్ గారు పక్కనే నిలబడ్డారు. నా భర్త మారిపోయాడు, దేవుడు మా కాపురం నిలబెట్టాడు అని సారిక మైకులో చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఉద్యోగం మాన్పించేశారటండి. ఫోన్ కూడా అత్తగారి దగ్గరే ఉంది."

"నీతో మాట్లాడిందా?"

"అత్తగారే నా దగ్గరికి తీసుకొచ్చారండి. మన కోసం ప్రార్థన పెట్టించిన అమ్మాయి ఈవిడే, వందనాలు చెప్పమ్మా అన్నారు."

"మరి సారిక?" అన్నాను.

"వందనాలు సిస్టర్ అందండి. నవ్వుతూ అందండి."