మత్‌యాకూబ్ అనని మాట

వేడినీళ్ళ తొట్టిలోంచి గుప్పెడు చెంచాలు తీసి, ఒక్కొక్కదాని గుంటనీ బొటనవేలితో రాసి చూసి, మత్‌యాకూబ్ పళ్ళెంలో పడేస్తున్నాడు. జిడ్డుంటే వేలు జారుతుంది, లేకపోతే కిర్రుమంటుంది. కిర్రుమనందే ఏదీ ముందుకి పోదు. తాష్కెంట్ స్టేషను వెనక ఈ భోజనశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. వేళ్ళ చివర్లు నాని తెల్లబడిపోయాయి. గోళ్ళు పలచబడ్డాయి. ఈ రోజుతో సరి. సాయంత్రం బండికి సొంతూరు ఖోరెజ్మ్ వెళ్ళిపోతున్నాడు.

"అన్నా, కోషిక్‌లు పంపు," బాణలి దగ్గర్నుంచి వంటవాడు హైదర్ కేకేశాడు.

"చమ్చాలు వస్తున్నాయి."

తాష్కెంట్‌లో చెంచాని కోషిక్ అంటారు, ఖోరెజ్మ్‌లో చమ్చా. వచ్చిన మొదటి రోజు ఆ మాటకి అందరూ నవ్వారు. వీళ్ళ మాట తన నోట రాకూడదని ఆ రోజే అనుకున్నాడు. రాలేదు. ఇంకొక్క పూట గడిస్తే గెలిచినట్టే. అది తెలిసే హైదర్ పొద్దుటి నుంచి కోషిక్ అనిపించాలని వెంటపడ్డాడు.

"మరి ఫోర్కుని రష్యావాళ్ళలాగే విల్కా అంటావేం?"

"అది వాళ్ళు తెచ్చింది. చమ్చా మా అమ్మ చేతిలోది."

మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కూర్చునే మోహిగుల్ ఫోను పట్టుకొచ్చింది. నిన్న అతని చేత చమ్చా అనిపించి వీడియో పెట్టింది. దాని కింద జనం వరసగా రాశారు. అతను కళ్ళు చిట్లించి చదివాడు. 'చచ్చాను.' ఆ కింద ఇంకొకరు, 'నేనూ చచ్చాను.' మత్‌యాకూబ్ చేతులు తుడుచుకుని, అరచేతులు పైకి పట్టి, పెదాలు కదిపి, ముఖం తడుముకున్నాడు.

"ఎవరి కోసం తాతా ప్రార్థన?"

"వీళ్ళ కోసమే. పాపం, ఇద్దరు."

"నవ్వాపుకోలేక అలా రాస్తారు తాతా. బతికే ఉన్నారు."

"ఉండనీ. చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోను. ఎప్పటికైనా పనికొస్తుంది."

హైదర్ గరిటె వదిలేసి మరీ నవ్వాడు. మోహిగుల్ ఇంకా కిందికి జరిపింది. ఎవరి ఊరి మాట కోసం వాళ్ళు పోట్లాడుకుంటున్నారు. ఒకామె మాత్రం, 'నేను ఖోరెజ్మ్ పిల్లని. కొరియాలో పని చేస్తున్నాను. ఈ మాట చెవిన పడి ఏడాది దాటింది' అని రాసింది. మత్‌యాకూబ్ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి, రోజూ వంగే మనిషి, నిటారుగా నిలబడి కడిగాడు.

పొద్దు వాలింది. ఆఖరి పళ్ళెం అయిపోయింది.

"ఒక్కసారి అనెయ్యి అన్నా. వినేది నేనొక్కణ్ణే. ఎవరికీ చెప్పను."

మత్‌యాకూబ్ ఏప్రన్ విప్పి మడత పెట్టాడు. "ఆ కొరియా పిల్లకి తెలిసిపోతుంది," అన్నాడు.

హైదర్ ఇంక అడగలేదు. లోపలికి వెళ్ళి వేడి రొట్టె తెచ్చి ఎదురుగా పట్టాడు. దూరం వెళ్ళేవాడు ఒక ముక్క కొరికితే, మిగిలింది అతనొచ్చి తినేదాకా గోడకి వేలాడుతుంది. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకి చేసే పని అది.

"నేనింక ఇటు రాను కదరా."

"రాకపోతే ఎండుతుంది. నాకేం? కొరుకు."

కొరికాడు. నములుతూనే సంచీ భుజాన వేసుకుని, వంటింటి తలుపులోంచి తల వంచి బయటికి వెళ్ళాడు. వెనక్కి చూడలేదు.

హైదర్ ఆ రొట్టెకి దారం గుచ్చి తొట్టి పైన మేకుకి కట్టాడు. కొరికిన అంచున, అతనికి పై వరసలో రెండు పళ్ళు లేనిచోట, రొట్టె చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.