అడ్డగడియ ఎవరు తీశారు?

మద్రాసు హైకోర్టులో నలభై ఏళ్లు వాదించిన బారిష్టర్ రాజమోహన్ నల్లకోటు విప్పేసి సొంతూరు ఆత్మకూరు చేరాడు. ఒకప్పుడు ఉదయగిరి దుర్గాన్ని ఏలిన కిల్లేదారు జీవితచరిత్ర రాయడానికి కూర్చున్నాడు. కోటు విప్పాడే గానీ కోర్టు బుద్ధి పోలేదు. ఏ అధ్యాయం పూర్తయినా, అందులో పేరున్నవాళ్ల వంశం ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి చదివి వినిపించేవాడు. అవతలి పక్షానికి నకలివ్వకుండా కేసు నడపకూడదని ఆయన పట్టు.

అలా 1978లో, అన్నిటికన్నా బాగా కుదిరిందని మురిసిపోతున్న అధ్యాయం చంకన పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాడు. దుర్గం తలుపు కాసిన వహాబ్ శత్రువుకు అమ్ముడుపోయి అడ్డగడియ తీశాడని అందులో ఉంది. ఆ వంశంలో మిగిలింది కర్ర గరిటెలు చెక్కే ఖాజాబీ ఒక్కతే.

ఆమె ఉలి పక్కన పెట్టి మొత్తం విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా పెద్దాయన ద్రోహం చెయ్యలేదు సారూ. మా దాదీ చెప్పింది."

"అది విన్న మాటమ్మా, చెల్లదు. నా దగ్గర జాబుండాది. దుర్గం గెలిచిన దళవాయి సొంత చేత్తో రాసినాడు."

"ఆయన అప్పుడు తలుపు లోపలున్నాడా, బయటున్నాడా?"

"బయట."

"మరి లోపల గడియ తీసింది ఎవురో ఆయనకెట్టా తెలిసింది? ఆయనకీ ఎవురో చెప్పిందేగా సారూ! అది బుక్కులో పెట్టి మా తాతని ఊరందరి చేతా తిట్టిస్తారా?"

రాజమోహన్‌ కాగితాలు మూసేశాడు. కోర్టులో అయితే మొట్టమొదట తానే అడగవలసిన ప్రశ్న. జాబు పాతది, చేతిరాత ముచ్చటగా ఉంది, కథ రక్తి కట్టింది. అంతే, బారిష్టరుగారు బోల్తాపడ్డారు. తిరుగు బస్సులో ఆయనకు చాలా సిగ్గేసింది.

ఆ అధ్యాయం కొట్టేసి మళ్లీ రాయడానికి నెల పట్టింది. రక్తి కాస్తా పోయింది. అయినా తీసుకొచ్చి ఖాజాబీకి చదివాడు.

"ఆ రోజు తలుపు దగ్గర కావలి ఉన్నవాడు వహాబ్. గడియ ఎవరు తీశారో తెలియదు."

"మంచోడని రాయకూడదా?"

"దానికీ సాక్ష్యం లేదమ్మా."

ఖాజాబీ దగ్గరికి జరిగింది. "ఆయన పేరు యాడుండాదో చూపించండి" అంది. ఆమెకు చదువు రాదు. ఆయన చూపిన చోట వేలు ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"ఇన్నాళ్లకి మా తాతకి లాయరు దొరికినాడు."

మద్రాసులో గెలిచిన ఏ కేసుకీ రాజమోహన్ అంతగా పొంగిపోలేదు.