చాలు, చాలూ

బిందు కూతకు వెళ్తోందంటే సరిహద్దు పల్లె మరైగూడలో పొయ్యి మీద కూర మాడిపోతున్నా ఎవరూ లేచేవాళ్లు కారు. గుండె నిండా గాలి పీల్చి "కబడ్డీ కబడ్డీ" అంటూ ఆ పిల్ల గీత దాటిందో లేదో, అవతలి ఏడుగురూ తమకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు. కుడికాలి మీద గిర్రున తిరిగి, ఇద్దరిని తాకి, మూడో అమ్మాయి చేతుల కింది నుంచి జారి వచ్చేసేది. పద్దెనిమిదేళ్లకే సుక్మా జిల్లా జట్టులోకి వెళ్లింది. మరుసటి ఏడు రాష్ట్ర పోటీల్లో ఆడింది. కొంటా బస్టాండులో టీకొట్టు వాళ్లు "కూత బిందు వాళ్లమ్మ" అంటూ నాగేశ్వరమ్మకు బల్ల మీద చోటిచ్చేవాళ్లు. నాగేశ్వరమ్మకు కబడ్డీ రూల్సు ఒక్కటీ సరిగ్గా తెలియవు గానీ, బల్ల మీద ఆ చోటు మాత్రం బాగా నచ్చింది.

ఆ కుడికాలే మోసం చేసింది. రాష్ట్ర పోటీల్లో రెండో ఆట. బిందు ఎప్పటిలాగే తిరిగింది. పాదం మ్యాట్‌కు అతుక్కుని ఉండిపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంటు తెగిందన్నారు. జగదల్‌పూర్‌లో ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపిస్తూ, తను చేసింది సగం పనేనని, మిగతా సగం తొమ్మిది నెలల ఎక్సర్‌సైజులని డాక్టరు చెప్పాడు.

ఆ సగం పని చేయించేది పూనం మేడమ్. ఫిజియోథెరపిస్టు. రాయ్‌పూర్ మనిషి, హిందీ తప్ప తెలుగు ఒక్క ముక్క రాదు. వారానికోసారి ఫోన్ చేసి చెప్పేది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కిందికి అదమాలి. చీలమండకు ఇసుక సంచి కట్టుకుని కాలు పైకెత్తాలి. చూసేవాళ్లకు, పడుకుని కాలెత్తడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది. చేసేవాళ్లకు ప్రాణం పోయి వస్తుంది. బిందు మొదట పళ్లు బిగించేది, తర్వాత తిట్టేది, ఆఖరికి ఏడ్చేది. పక్కన కూర్చుని కాలు పట్టుకునే పని నాగేశ్వరమ్మది. తండ్రి ఉప్పలయ్య ఆ వేళకు సరిగ్గా పొలంలో ఏదో పని కల్పించుకుని వెళ్లిపోయేవాడు. కూతురి ఏడుపు వినే గుండె ఆయనకు లేదు.

నాలుగో నెలలో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక పొద్దున పూనం మేడమ్ ఫోన్ చేసింది. నాగేశ్వరమ్మ ఎప్పటిలాగే స్పీకరు నొక్కింది. బిందు కాలికి ఇసుక సంచితో చాప మీద వెక్కి వెక్కి ఏడుస్తోంది. మేడమ్ హిందీలో గబగబా చాలా చెప్పింది. ఆ ఏడుపు మధ్యలో నాగేశ్వరమ్మకు అందినవి మూడే ముక్కలు. పెళ్లి సెలవు, ఎక్సర్‌సైజ్, చాలూ.

హిందీలో చాలూ అంటే ఆగకుండా నడుస్తూ ఉండాలని. బస్సు చాలూ, మోటారు చాలూ. ఈ సంగతి నాగేశ్వరమ్మకు తెలియనిదేమీ కాదు. పొలంలో మోటారు దగ్గర ఆ మాట రోజుకు పదిసార్లు తానే అంటుంది. కానీ అప్పుడు ఆమె చేతిలో ఉన్నది మోటారు కాదు, కూతురి కాలు. కడుపు తరుక్కుపోతున్న తల్లి చెవిలో పడేసరికి ఆ హిందీ మాట కాస్తా తెలుగు మాటై కూర్చుంది.

"మేడమ్ చాలంటున్నదే," అంది ఫోన్ పెట్టేసి. "ఇంక చాలట."

బిందు ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది. "చాలన్నదా?"

"నా చెవులతోని విన్న గదా."

బిందు ఇంకేమీ అడగలేదు. ఇసుక సంచి విప్పి మూలకు విసిరేసింది. ఆ పూట ఇంట్లో కోడి కూర వండారు.

మేడమ్ పెళ్లి సెలవులో ఉండి ఫోన్ చేయలేదు, రెండు నెలలు గడిచాయి. బిందు నడిచింది, పరుగెత్తింది, సరిహద్దు అవతల చింతూరులో టోర్నమెంటు ఉందంటే పేరిచ్చింది. మూడో కూతలో కుడికాలి మీద తిరిగింది. ఈసారి ఆ చప్పుడు గ్రౌండు అంచున కూర్చున్న నాగేశ్వరమ్మ దాకా వినిపించింది. అదే కాలు, అదే మోకాలు, అదే లిగమెంటు.

రెండో ఆపరేషన్ అయ్యాక, సెలవు నుంచి తిరిగొచ్చిన పూనం మేడమ్ ఆసుపత్రి వరండాలో నాగేశ్వరమ్మను నిలబెట్టి అడిగింది. ఎందుకు ఆపారు, నేను వచ్చేదాకా చాలూ రఖ్నా అని చెప్పాను కదా, అని. నాగేశ్వరమ్మకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. సంతలో ఎంతటి బేరగాణ్నయినా నోరు మూయించే మనిషి, ఆ పూట గోడకు చేరగిలబడి మేడమ్ అన్న మాటలన్నీ పడింది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. తన పిల్ల కాలు తానే పోగొట్టానన్న మాటను గుండెలో రాయిలా మోసుకుంటూ మరైగూడ తిరిగొచ్చింది.

అప్పటి నుంచి ఆమె పట్టిన పట్టు చూడాలి. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, వాన కురిసి ఇల్లు కారినా, పొద్దుటి ఎక్సర్‌సైజు తప్పలేదు. బిందు ఏడిస్తే తనూ ఏడ్చేది గానీ, పట్టుకున్న కాలు వదిలేది కాదు. "నీకంటే జైలరు నయం," అని బిందు విసుక్కునేది. ఏడాది దాటింది. కాలు బలపడింది. డాక్టరు చూసి మెచ్చుకుని, మెచ్చుకున్న నోటితోనే పిడుగులాంటి మాట చెప్పాడు. ఆడొచ్చు. కానీ కూతకు వెళ్లి ఆ కాలి మీద అలా గిర్రున తిరగడం మాత్రం ఇక ఈ జన్మకు కుదరదు.

బిందు ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేసింది.

డిసెంబరులో సుక్కా సారు వచ్చాడు. బిందుకు పదేళ్ల వయసు నుంచీ ఆట నేర్పినవాడు. దోర్లా తెగ మనిషి, తెలుగు వీళ్లలాగే మాట్లాడతాడు. వాకిట్లో ఎండబోసిన వడ్ల పక్కన మంచం వాల్చుకుని కూర్చుని సూటిగా విషయంలోకి వచ్చాడు. ఎనిమిది రోజుల్లో సుక్మాలో బస్తర్ సంభాగ్ జట్టును ఎంపిక చేస్తారు. సంభాగ్‌లోని ఏడు జిల్లాల వాళ్లూ వస్తారు. బిందు కార్నర్‌లో ఆడాలి. అంటే కూతకు వెళ్లక్కరలేదు, తమ వైపు మూలన నిలబడి, కూతకొచ్చిన వాళ్ల కాలు దొరకబుచ్చుకోవాలి.

"మూలకు నిలబడి ఒకళ్ల కాళ్లు పట్టుకోవాల్నా సారూ," అంది బిందు. "నేను కూతకు పోయేదాన్ని."

"కూతకొచ్చినోళ్ల కాలు ఎప్పుడు ఎటు తిరుగుతదో నీకంటే ఎవరికి ఎరుక?" అన్నాడు సుక్కా సారు. "ఇప్పుడు రాకుంటే ఇంక నిన్నెవరు పిలువరు బిడ్డా. రెండుసార్లు కాలు పోయిన పిల్లని ఎవరు పిలుస్తరు? నేనున్న గనక పిలుస్తున్న."

బిందు లోపలికి వెళ్లిపోయింది. సుక్కా సారు చాయ్ తాగి, చెప్పాల్సింది చెప్పానన్నట్టు నాగేశ్వరమ్మ వైపు ఒకసారి చూసి, బండెక్కాడు.

నాగేశ్వరమ్మ కాసేపు వడ్లు కెలికింది. ఎండిన వడ్లే మళ్లీ కెలికింది. ఈ పిల్ల ఇప్పుడు వద్దని కూర్చుంటే ఆట అయిపోయినట్టే. అయిపోవడానికి కారణం తను. ఆ మాట ఇంకొక్క రోజు కూడా దాచడం ఆమె వల్ల కాలేదు. లోపలికి వెళ్లి కూతురి ఎదురుగా చతికిలబడింది.

"బిందూ, నీకో మాట చెప్పాలె. నీ కాలు పోగొట్టింది నేనే."

"ఏందమ్మా?"

"మేడమ్ ఆరోజు చాలనలేదే. చాలూ అన్నది, హిందీ చాలూ. నేను తప్పు విన్న. నీతోని ఆపించిన. చింతూరుల నీ కాలు అందుకే పోయింది. తిడతవో కొడతవో నీ ఇష్టం." చెబుతూనే కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి.

బిందు కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత తల వంచుకునే అంది. "అమ్మా, నేను పన్నెండో తరగతి దాకా హిందీలనే చదివిన."

"అయితే?"

"ఫోను స్పీకర్ల ఉండె. మేడమ్ చెప్పింది మొత్తం విన్న. నేనొచ్చేదాక ఒక్కరోజు గూడ ఆపొద్దన్నది. నువ్వు చాలట అని సంబరపడ్డవు. నాకేమో నొప్పికి పానం పోతున్నది, మళ్ల గ్రౌండుకు పోవాలని ఆత్రం ఉండె. అమ్మే చాలన్నది గదా అని ఊకున్న. తప్పు నీ మీద పెట్టి నేను తప్పించుకున్న."

నాగేశ్వరమ్మకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏడాది పైగా తిన్న ముద్ద గొంతు దిగలేదు. దేవుడి పటం ముందు నిలబడి కళ్లెత్తి చూడలేకపోయింది. ఈ పిల్ల అన్నీ తెలిసి, పక్కనే పడుకుని హాయిగా నిద్రపోయింది. వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తింది కూడా. ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా బిందు ముఖం చూసింది. హాయిగా నిద్రపోయిన ముఖం కాదది.

"నువ్వు ఎప్పుడడుగుతవో అని రోజూ భయమే," అంది బిందు. "నువ్వు పొద్దున లేచి నా కాలు పట్టుకుంటుంటే సిగ్గుతోని సచ్చిపోయేదాన్ని."

ఎత్తిన చెయ్యి కిందికి దిగి కూతురి తల మీద పడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కరువుతీరా ఏడ్చారు. అప్పుడే పొలం నుంచి వచ్చిన ఉప్పలయ్య గుమ్మంలో ఆగి, ఎవరు పోయారో అని హడలిపోయి, ఎవరూ పోలేదని తెలిసి, మళ్లీ పొలానికే వెళ్లిపోయాడు.

ఏడుపు తీరాక నాగేశ్వరమ్మ ముక్కు తుడుచుకుంది. "కాలు పోగొట్టింది ఇద్దరం. మళ్ల తెచ్చింది గూడ ఇద్దరం. అంత కష్టపడి తెచ్చింది అటక మీద పెట్టనీకా? మూలకు నిలబడతవో నెత్తి మీద నిలబడతవో నాకు తెల్వదు. బూట్లు దింపు."

బిందు స్టూలు వేసుకుని దింపింది. ఒక బూటులో సాలెపురుగు గూడు కట్టుకుని ఉంటే, దాన్ని దులిపి బయటికి వదిలింది.

సుక్మా గ్రౌండులో ఆఖరి ఆట సుక్మాకూ పక్క జిల్లా బీజాపూర్‌కూ పడింది. చూసి జట్టు పేర్లు రాసేవాళ్లు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. పక్కనే షామియానా కింద మైకు పట్టుకున్న ఒకాయన హిందీలో ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. బిందు కార్నర్‌లో నిలబడగానే ఆయన గొంతు జాలిగా మారింది. "బేచారీ బిందు, కొంటా కీ పురానీ రేడర్." పాపం బిందు, ఒకప్పుడు కూతకు వెళ్లిన రేడర్ అని. జనం అయ్యో అన్నారు. మొదటి సగంలో బిందు రెండుసార్లు ముందుకు దూకి రెండుసార్లూ గాలిని పట్టుకుంది. ప్రతిసారీ మైకాయన బేచారీ అన్నాడు. నాగేశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది.

విరామంలో ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని నేరుగా షామియానా కిందికి వెళ్లింది. "ఏ భయ్యా," అంది. "బేచారీ నహీ. పురానీ నహీ. కార్నర్ బోలో."

ఆయన మైకు మీద చెయ్యి మూసి, నువ్వెవరమ్మా అని హిందీలో అడిగాడు.

"బిందు కీ అమ్మా," అంది నాగేశ్వరమ్మ. ఒక్కో మాటా విడివిడిగా, ఎవరూ తప్పు వినడానికి వీల్లేకుండా అంది.

ఆట ఆఖరి నిమిషానికి వచ్చింది. సుక్మాకు ఒకే ఒక్క పాయింటు ఎక్కువ ఉంది. బీజాపూర్ నుంచి హిడ్మే కూతకొచ్చింది. పొడుగాటి పిల్ల, పాములా కదులుతోంది. ఆ మూల నుంచి ఈ మూలకు జరిగి, చెయ్యి చాచి, బిందు పక్కనున్న అమ్మాయిని తాకబోయి చటుక్కున తిరిగింది. కానీ ఆ పిల్ల తిరగకముందే బిందు కదిలింది. ఆ కాలు ఎక్కడ ఆనుతుందో బిందుకు తెలుసు. ఎన్ని వందలసార్లు తన కాలు అక్కడే ఆనిందో. రెండు చేతులూ హిడ్మే చీలమండను చుట్టేశాయి. మిగతావాళ్లంతా మీద పడ్డారు.

హిడ్మే అవుటని విజిల్ మోగింది. నాగేశ్వరమ్మకు వినపడలేదు. కుప్పలో అన్నిటికంటే అడుగున ఉన్నది తన పిల్ల. ఒకరొకరే లేస్తున్నారు. హిడ్మే లేచింది. బిందు లేవలేదు. నాగేశ్వరమ్మ లేచి నిలబడింది. దేవుడా, కాలు కాకుండా ఇంకేదైనా తీసుకో అనుకుంది.

బిందు మోకాళ్ల మీదికి వచ్చింది. కుడిపాదం నేల మీద ఆనించి, దాని మీదే బరువంతా వేసి లేచింది. రెండేళ్లలో ఆ పిల్ల ఎప్పుడూ ఎడమకాలి మీదే లేచేది, అదీ ఏదో ఒకటి పట్టుకుని. ఇప్పుడు ఏ కాలి మీద లేచిందో ఆ పిల్లకే తెలియదు. మోచేతికి అంటిన దుమ్ము దులుపుకుని, హిడ్మేకు చెయ్యి కలిపి, తన మూలకు నడిచి వెళ్లి నిలబడింది. నాగేశ్వరమ్మ అక్కడే కూలబడి చీర కొంగులో ముఖం దాచుకుంది.

పొద్దు వాలే వేళకు మైకాయన చేతికి కాగితం వచ్చింది. సంభాగ్ జట్టు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మొదట రేడర్లు. హిడ్మే పేరు వచ్చింది, ఇంకో రెండు పేర్లు వచ్చాయి. బిందు తల్లి పక్కన నేల మీద కూర్చుని గడ్డి పీకుతోంది. మైకాయన కాగితం తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"కార్నర్," అన్నాడు. "సుక్మా జిలా సే, బిందు."

చదివి, సరిగ్గానే అన్నానా అన్నట్టు జనంలో నాగేశ్వరమ్మ కోసం వెతికాడు. నాగేశ్వరమ్మ ఒక చేత్తో కూతుర్ని గట్టిగా దగ్గరికి లాక్కుని, తర్వాతి పేరు చదవమన్నట్టు రెండో చెయ్యి ఊపింది.