ఇటుక పొడి

ఉమకు కౌంటరు పోయింది బుధవారం నాడు. ఆషాఢం డిస్కౌంట్ల రద్దీలో, కాస్త తెరిపి చూసుకుని అన్నం డబ్బా మూత తీసిందో లేదో, వెంకట్రాం సేటు ఆమెను గల్లాపెట్టె దగ్గరకు పిలిచాడు.

జనగామ స్టేషన్ రోడ్డులో ఆ చీరల దుకాణం ఆయనది. ఉమ అందులో ఏడేళ్లుగా చీరలు విప్పి చూపిస్తోంది. నెలకు పదకొండు వేలు. కౌంటరులో నిలబడేవాళ్లకు అమ్మకాన్ని బట్టి పైన మరో రెండు వేలదాకా వస్తుంది. ఏ మనిషి కన్ను ఏ రంగు దగ్గర ఆగుతుందో ఉమకు తెలిసినట్టు ఆ దుకాణంలో మరొకరికి తెలియదు.

సేటు ఫోను ఆమె ముందు పెట్టాడు. ఆయన కూతురు అక్షిత వారం కింద తీసి నెట్‌లో పెట్టిన వీడియో అది. ఉమ గద్వాల చీర కొంగు పరిచి, గోధుమ మరకల పళ్లు కనబడేలా నవ్వుతూ ధర చెబుతోంది. కింద ఎవరో రాశారు: ‘చీర మస్తున్నది. పండ్లే చూడలేకపోతున్నం.’ ఆ మాటకు రెండు వందల మందికి పైగా నవ్వే బొమ్మలు పెట్టారు.

“నేనేమనుకోను ఉమా. గిరాకీ అనుకుంటది,” అన్నాడు సేటు. “రేపటిసంది మీద గోదాంల ఉండు. మడతలు పెట్టు, చీటీలు అంటించు.”

“కౌంటర్ పైసలు, సార్?”

“కౌంటర్ల లేనోళ్లకు కౌంటర్ పైసలు ఎట్లిస్తరు?” ఆయన గొంతు తగ్గించాడు. “జర ఇను. మావోడొకడు వరంగల్ల పండ్ల దవాఖాన పెట్టిండు. ముందల ఎనిమిది పండ్లకు క్యాపులేస్తడు. పాల తీరు తెల్లగైతయి. ఖర్సంత నాది. మూడేండ్లు వేరే దుకాణం మొకం చూడనని నువ్వు కాయితం రాసియ్యాలె, గంతే. దసరాకు మల్ల కౌంటర్ల నిలవడ్తవు.”

ఆయన భార్య కమలాదేవి సొరుగు తీసి, కొత్త టూత్‌పేస్టు ఒకటి ఉమ చేతిలో పెట్టింది. “ఏమనుకోకు బిడ్డా. పొద్దుగాల్ల ఒకపారి, పండుకునేటప్పుడు ఒకపారి మంచిగ తోముకో.”

ఆమె మంచికే చెప్పింది. ఉమ పేస్టును బ్యాగులో వేసుకుంది. చల్లారిన అన్నం తిన్నది. దుకాణం కట్టేసేదాకా చీరలు చూపించింది కానీ, ఒక్కసారీ పళ్లు కనబడేలా నవ్వలేదు.

శుక్రవారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్టాండు వెనక ఉన్న పళ్ల దవాఖానకు వెళ్లింది. డాక్టర్ శ్రేయది చిన్న వయసే. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు వేసి, చాలాసేపు చూసింది.

“చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిన్రు?”

“నర్సింహులపేట దిక్కు, మా రాళ్లకుంట తండా బోరింగు నీళ్లు మేడమ్.”

“అందుకే. ఇది మురికి కాదు ఉమగారూ. పండ్లు చిగురు లోపల తయారైతున్నప్పుడే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువైంది. మీరు ఎంత తోమినా పోయేది కాదు.”

ఉమ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. డాక్టరు అద్దం చేతికిచ్చి ఒక్కొక్కటే వివరించింది. తెల్లగా చేసే మందు పెట్టొచ్చు. దానితో గోధుమ మరకలు పోతాయన్న నమ్మకం లేదు, తెల్ల మచ్చలు ఇంకా పైకి తేలినా తేలొచ్చు. లేదంటే పైపైన సన్నగా రుద్ది, మరక ఉన్నచోట పంటి రంగు పూత అతికించొచ్చు. పంటికి పదిహేను వందలు. ఐదారేళ్లకు మళ్లీ చేయించుకోవాలి. చివరిది క్యాపులు.

“దానికి పన్ను చుట్టూ అరగదీయాలె. అరిగినంక మళ్ల రాదు. మీ పండ్లు గట్టిగున్నయి. నేనైతే వద్దంట.”

చిన్నచిన్న నమూనా పళ్లు గుచ్చిన పుల్లల కట్టను ఉమ పెదవి దగ్గర పట్టి రంగు సరిచూస్తూ, డాక్టరు ఆగింది. “ఇక్కడ పైపొర గీసుకపోయింది. దేంతోని తోమేటోళ్లు?”

“ఇటుక పొడితోని.”

తండా బడిలో రాజమౌళి సార్ రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలందర్నీ పళ్లు చూపించమనేవాడు. పసుపు పళ్లవాళ్లు వరండాలో నిలబడాలి. ఆయన చెడ్డవాడు కాదు. పరీక్షల ముందు తన జేబులోంచి పెన్నులు కొనిచ్చేవాడు. పిల్లలకు శుభ్రం నేర్పుతున్నాననే అనుకున్నాడు. తండా పిల్లల్లో సగంమంది ఆ వరండాలోనే ఎక్కాలు నేర్చుకున్నారు.

ఉమ తల్లి మంగ్లీకి ఆ సంగతి తెలిసిన రోజు, ఇటుక పెళ్ల తెచ్చి రోట్లో వేసి దంచింది. తండాలో తల్లిని యాడి అంటారు. ప్రతి ఆదివారం యాడి ఉమ తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తడి వేలు ఆ పొడిలో అద్ది రుద్దేది. నెత్తురు వచ్చేది. “ఓర్సుకో బిడ్డా. రేపు లోపల కూసుంటవు,” అనేది. సోమవారం ఉమ మళ్లీ వరండాలోనే.

తర్వాత ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు పూల్‌సింగ్, భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు కాంట్రాక్టు పనివాడు. వాళ్ల ఆడవాళ్లు పిల్లను ఒకసారి నవ్వమన్నారు. నవ్వింది. వాళ్లు లేచిపోతుంటే మంగ్లీ ఆటోదాకా వెంటపడి, “పిల్ల తప్పు కాదు, నేనే సక్కగ తోమలే,” అని చెప్పింది. ఆ మాట అన్న మనిషి పోయిన కార్తీకంలో మట్టిలో కలిసింది.

“మేడమ్, గా మాట మల్లొకపారి చెప్పున్రి,” అంది ఉమ.

“ఏ మాట?”

“మురికి కాదన్నది.”

డాక్టరు చెప్పింది. ఉమ బయటికొచ్చి బస్టాండు గోడ పక్కన నిలబడింది. ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీసింది. చెప్పాల్సిన మనిషికి బతికున్ననాడూ ఫోను లేదు. దాన్ని మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది.

ఆదివారం తొర్రూరు మీదుగా రెండు బస్సులు మారి తండాకు చేరింది. అక్కడ నల్లా నీళ్లు వచ్చిననాడు వస్తాయి. రాని నాడు అందరికీ బోరింగే దిక్కు. బోరింగు కాడ బిందెలు పెట్టుకుని ఆడవాళ్లు ముచ్చట్లాడుతున్నారు. ఎవరో ఏదో అంటే అందరూ ఒక్కసారే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాళ్లకుంట ఆడవాళ్లు మస్తు సిగ్గరులని చుట్టుపక్కల ఊళ్లల్లో మెచ్చుకుంటారు. ఉమ కూడా ఇన్నాళ్లు అది తమ పెద్దల మర్యాద అనే అనుకుంది.

అన్న లింగ్యా ఇంటి ముందు, వదినె గంగి బిడ్డ తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. పాపకు ఈ మధ్యే ముందు పళ్లు రెండు కొత్తగా వచ్చాయి. పక్కన డబ్బా మూతలో ఎర్రటి పొడి ఉంది.

ఉమ వెళ్లి గంగి మణికట్టు పట్టుకుంది.

“ఇడువు ఉమా. పంతులమ్మ కోప్పడుతున్నదట.”

“గిది మురికి కాదు వదినె. నీళ్లతోని వచ్చింది. తోమితె పోదు.”

“నీళ్లు తేటగనే ఉన్నయి గదనే!” అంది గంగి, నవ్వబోయి కొంగు నోటికి తెచ్చుకుంటూ. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. “మరి యాడి నిన్ను గంత గనం తోమె గదా?”

ఉమ మూతలోని పొడి తీసి వాకిట్లో పారబోసింది. గాలికి అది చాలా దూరం పోలేదు. సాయంత్రం బస్సుకు బయల్దేరేముందు బోరింగు దగ్గరకు పోయి, ఒక సీసా కడిగి నిండా నీళ్లు పట్టుకుంది.

సోమవారం పొద్దున సేటు, “కాయితం రాసినవా?” అన్నాడు.

“లేదు సార్. నాకు క్యాపులొద్దు.”

“ఎవలన్న ఒద్దంటరా? అరవై వేల పని ఉత్తగ చేపిస్తనంటె!”

“నా పండ్లు ఒకపారి అరగదీసిన్రు సార్. మల్ల అరగనియ్య.”

“ఎవలు?”

“మా అమ్మ.”

సేటు ఆమె ముఖంలోకి చూశాడు. పరాచికమాడుతోందేమో అనుకున్నాడు. “పోనీ కౌంటర్ ముచ్చటేంది?”

“గిట్లనే నిలవడనిస్తె నిలవడ్త. మచ్చల మీద పూత నా పైసలతోని నేనే పెట్టిచ్చుకుంట, కూడినప్పుడు.”

“అయితె కూడేదాంక గోదాంల ఉండు.”

ఉమ బ్యాగులోంచి టూత్‌పేస్టు తీసి కమలాదేవి ముందు పెట్టింది. సీలు కూడా విప్పలేదు. “ఇంట్ల ఉన్నదమ్మా. నేను రోజూ తోముకుంట.” కమలాదేవి ఏదో అనబోయింది. ఇంతలో తలుపు తోసుకుని గిరాకీ వచ్చింది. ఆమె అటు తిరిగింది.

పైన గోదాములో ఒక్కటే కిటికీ. ఉమ బోరింగు నీళ్ల సీసాను ఆ కిటికీ గూట్లో పెట్టి, మడతలు పెట్టడం మొదలుపెట్టింది. కింద కొత్త పిల్ల చీరల ధరలు తప్పుగా చెబుతుంటే వినిపిస్తోంది. దిద్దడానికి ఉమ రెండుసార్లు మెట్లదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

గురువారం నాటికీ సీసాలో నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున ఏమీ పేరుకోలేదు. వాటిని పరీక్ష చేయమని ఏ ఆఫీసులో ఇవ్వాలో ఆమె ఇంకా కనుక్కోలేదు.