టెండరు కుళాయి

"కుళాయి ఎవరు తిప్పిండ్రో చెప్తవా, బొక్కలిరగ్గొట్టాల్నా?"

గద్వాల దవాఖాన వరండాలో పెంటయ్య చెంప మళ్లీ పగలగొట్టాడు పోలీసు జమాదారు. ఇటిక్యాల స్టేషన్లో జెండా ఊపే పెంటయ్య నేల మీద కూలబడ్డాడు.

"తెల్వదు సాబ్! పిల్లల మీద ఒట్టు!"

లోపల మంచం మీద ఫైర్‌మన్ యూసుఫ్. ఒళ్లంతా ఆవిరికి ఉడికిపోయింది. పక్కన అదే ఇంజను డ్రైవర్ భీమయ్య.

"భీమన్నా," యూసుఫ్ గొంతు పీలగా పలికింది. "షంషాద్‌కు చెప్పు... రోజూ కూర మాడ్చినవని తిడుతుంటి గదా. ఇయ్యాల నేనే..."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆ ఎండాకాలం బావులెండిపోతే, ఇంజను ఆగినప్పుడల్లా ఇటిక్యాల ఆడవాళ్లు దాని వెనకాల నీళ్లు మోసే టెండరు కింది కుళాయికి బిందెలు పట్టేవాళ్లు. తిప్పేదీ కట్టేసేదీ యూసుఫే. ఈ మధ్యాహ్నం అతను నమాజుకు, భీమయ్య స్టేషన్ మాస్టర్ గదికి పోయిన వేళ ఎవరో తిప్పారు. విలాయతీ కుళాయి అది. యుద్ధం మూలంగా కొత్తది రాక, అరిగి బిగుసుకుపోయింది. మళ్లీ కట్టెయ్యడం చేతగాక, చిల్లికుండకు కుక్కినట్టు మూతికి గుడ్డ కుక్కారు. బండి కుదుపులకు గుడ్డ జారింది. దారి పొడుగునా నీళ్లు కారిపోయాయి. బాయిలరు ఎండింది. నిప్పు లాగెయ్యడానికి యూసుఫ్ ముందుకురికిన క్షణానే నీళ్లు లేక కాగిన బాయిలరు లోపలి సీసపు బిరడా కరిగి, ఆవిరి పొయ్యి తలుపులోంచి అతని మీదికి తన్నుకొచ్చింది.

కుళాయికి వేలాడుతున్న ఆ గుడ్డను భీమయ్యే తీశాడు. ఎర్రంచు చీర పేలిక. దసరాకు తానే గద్వాలలో కొని, ఇటిక్యాలలో ఉండే తల్లికి పెట్టిన చీర.

ఎవరికీ చూపించలేదు. అమ్మకు అరవై దాటాయి. జైల్లో ఒక్క చలికాలం కూడా బతకదు.

యూసుఫ్ భార్య షంషాద్ అప్పుడే వచ్చి పెట్టిన కేక విని జమాదారు లోపలికొచ్చాడు. యూసుఫ్ కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"ఇగ ఖూనీ కేసే," అని వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరి పెంటయ్య మెడ పట్టాడు. "నడువ్‌రా! ఏం డ్రైవర్ సాబ్, మీకు నోరు పడిపోయిందా?"

షంషాద్ తల ఎత్తింది.

"అన్నా, నువ్వన్న చెప్పు. నా యూసుఫ్‌ను వీడే చంపిండా?"

నోరు మూసుకుంటే చాలు. భీమయ్య జమాదారు చెయ్యి పట్టుకున్నాడు.

"పెంటయ్యను ఇడువుండ్రి," అన్నాడు. "చెల్లే, కుళాయి తిప్పింది మా అమ్మ. మా అమ్మ జములమ్మ."