కొంరవ్వ కట్టుకున్న పింఛను

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. ఏడు కిలోల బరువు. కడుపులో బొగ్గులు, నెత్తిన కట్టెపిడి. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక తుక్కు దుకాణం గుమ్మంలో, పాత పేపర్లు ఎగిరిపోకుండా వాటి మీద కూర్చుని ఉన్నాను. జాలిపడకండి. అమ్ముడుపోయి వచ్చాను గాని ఓడిపోయి రాలేదు.

పోత పనివాడు నన్ను అచ్చులో పోసి నునుపు చేసిన వారానికే, బట్టలుతికే ఓదెలు అనే ఆయన కొనుక్కున్నాడు. ఆయన తర్వాత కొడుకు లింగయ్య నా యజమాని అయ్యాడు. పేరుకే యజమాని. ఆయన ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చేవాడు. పొద్దంతా నన్ను మోసింది ఆయన భార్య కొంరవ్వ.

వాళ్లుండే వీధిలో రిటైరైన ఉద్యోగులు ఎక్కువ. పింఛను తెచ్చుకోవడానికి బ్యాంకుకు వెళ్లే రోజున వాళ్లకు నలగని చొక్కా కావాలి. పని మానేశాక కూడా డబ్బులొచ్చే మనుషులను కొంరవ్వ వింతగా చూసేది. సొంత పని చేసుకునేవాళ్లు కూడా నెలనెలా కొంత కడితే అరవై ఏళ్లకు సర్కారు పింఛను ఇస్తుందని వాళ్లలో ఒకాయన చెప్పాడు. చేరడానికి నలభై దాటకూడదు. ఆమెకు ముప్పై తొమ్మిది.

"అరవై దాకా ఎవరుంటరో, ఎవరు పోతరో" అన్నాడు లింగయ్య.

"ఉంటే ఏం తింటమో అది చెప్పు ముందు" అంది కొంరవ్వ.

పింఛను ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా పని చేస్తున్నట్టు కాగితం తెమ్మన్నాడు. మర్నాడు ఆమె నన్నే మోసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. పొద్దుటి నిప్పు నాలో ఇంకా చల్లారలేదు.

"ఇగో సార్, నా కాయితం. ముట్టి సూడుండ్రి."

గుమాస్తా ఫైళ్లను చటుక్కున వెనక్కి గుంజుకున్నాడు. ఎన్ని వేల చొక్కాలు తోమినా, అంత గర్వంగా నేను మరెన్నడూ కాలలేదు. ఆమె పేరు పింఛను జాబితాలో ఎక్కింది.

పదమూడేళ్లు తప్పకుండా కట్టింది. తర్వాత లింగయ్య కామెర్లతో మంచం పట్టాడు. చెవుల కమ్మలు ఆసుపత్రికి పోయాయి. పద్నాలుగు నెలలు చందా ఆగింది. ఆయన లేచి తిరగసాగాక ఆమె మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. బకాయీ జరిమానా ఒకేసారి కట్టాలట; లేదంటే కట్టింది వాపసు తీసుకుని పేరు కొట్టేయించుకోవాలట. ఇంటికొచ్చి మొగుడితో చెబుతుంటే విన్నాను.

"ఇందులో బలవంతం లేదమ్మా, తీస్కపో అన్నడు ఆ సారు."

"నువ్వేమన్నవు?"

"బలవంతం లేదు గనుకనే ఇడువనన్న. ఎవలో కట్టుమంటే కట్టిన్నా? నా అంతట నేనే మొదలువెట్టిన."

ఆ సాయంత్రం ఆమె నాలోని బూడిద దులిపి, చింతపండు రాసి తళతళా తోమింది. నా సంగతి నాకు అర్థమైంది. ఇంట్లో అమ్మదగ్గది ఇక నేనొక్కదాన్నే.

"అది మా అయ్య పెట్టె" అని లింగయ్య అడ్డుపడ్డాడు.

"మీ అయ్య పెట్టె మనల్ని సాకింది, కాదనలే. నా రెక్కలు ఆడని నాడు సాకుతదా? మా అన్న ఇచ్చిన కరెంటు పెట్టె ఉండనే ఉన్నది, దాంతోనే చేసుకుంట."

తుక్కు దుకాణం ఖాజా భాయ్ నన్ను తూచాడు. ఇత్తడికే కాదు, పోత పనికీ ధర కట్టాల్సిందేనని ఆమె నిలబడి కొట్లాడింది. నేను సిగ్గుపడలేదు, పొంగిపోయాను. డబ్బు కొంగున ముడేసుకుని ఆమె నేరుగా ఆఫీసు వైపు నడిచింది. ఖాజా భాయ్ ఎందుకో నన్ను కరిగించడానికి పంపలేదు.

ఏడేళ్లు ఆమె చందా కట్టడానికి ఈ దారినే వెళ్లింది, ఒక్కసారీ ఆగకుండా.

మొన్న ఆగింది. మొదటి నెల పింఛను తీసుకుని వస్తోంది. ఖాజా భాయ్ చేతిలో మిఠాయి పొట్లం పెట్టింది.

"నీ పెట్టె నువ్వు తీస్కపో అక్కా, పైసలేం వద్దు" అన్నాడాయన.

ఆమె వంగి పిడి పట్టుకుని నన్ను లేపింది. ఓసారి బరువు చూసుకుంది. మళ్లీ పేపర్ల మీదే పెట్టేసింది.

"వద్దు భాయ్. ఇగ మొయ్య."

ఆ మాట ఆమె నోట వినడానికే కదా నేను తూకానికి ఎక్కింది! కొంరవ్వ రెండు చేతులూ ఊపుకుంటూ నడిరోడ్డు మీద నడిచి వెళ్లిపోయింది.